ప్రాథమిక పాఠశాలలో అన్యభాషోపాధ్యాయుడు : అతనికి వలసిన అండ

1. ప్రశ్న స్వరూపము

అన్యభాషాభ్యాసమును బాల్యముననే ప్రారంభింపవలెనను వాదము క్రొత్తది కాదు. లేతవయస్సున చెవి సునిశితముగ నుండుననియు, నాలుక నూతన ధ్వనులకు సులభముగ లొంగుననియు, తప్పు పలికిన నలుగురు నవ్వుదురేమో అను సంకోచము బాలురకు తక్కువ అనియు ఈ వాదమును సమర్థించువారు చెప్పుదురు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అను లోకోక్తియు వారికి తోడు వచ్చును. ఈ మాటలలో సత్యము లేకపోలేదు. కాని ఇవి అన్నియు శిష్యునిగూర్చి చెప్పిన మాటలు. ఆ శిష్యునకు భాషను నేర్పవలసిన ఉపాధ్యాయునిగూర్చి ఇవి ఏమియు చెప్పవు.

ఉన్నత పాఠశాలయందలి భాషోపాధ్యాయుడు సాధారణముగ ఒకటి రెండు విషయములకే నియుక్తుడు. తాను బోధించు భాషను ప్రత్యేకముగ చదివి, అందు పట్టమును పొందినవాడు. ప్రాథమిక పాఠశాలయందు పరిస్థితి వేరు. అచట ఒకే ఉపాధ్యాయుడు ఎక్కములు, మాతృభాష, పరిసర విజ్ఞానము, ఆటపాటలు అన్నింటిని నేర్పవలసియుండును. ఏకోపాధ్యాయ పాఠశాలలో అయిదు తరగతుల పిల్లలును అతని యెదుటనే కూర్చుందురు. ఇన్ని పనుల నడుమ అన్యభాష మరియొక భారముగ అతని భుజములపై పడును. ఆ భాషను అతడు తన బాల్యమున అరకొరగ నేర్చినవాడే కావచ్చును. దానిని నిత్యజీవితమున వినునట్టి, పలుకునట్టి అవకాశము లేనివాడే కావచ్చును.

ఇందొక వైపరీత్యము కలదు. వయస్కుడు పరభాషను కొంతవరకు గ్రంథముల నుండి నేర్వగలడు. వ్యాకరణమును, నిఘంటువును ఆశ్రయింపగలడు. బోధకుని లోపమును తన కృషిచేత పూరించుకొనగలడు. ఆరేడేండ్ల పిల్లవానికి ఈ ఆధారములు లేవు. చదువుటయే ఇంకను కుదురుకొనని వానికి ఆ భాష అనగా ఉపాధ్యాయుని నోటిమాట మాత్రమే. కావున శిష్యుని వయస్సు తగ్గినకొలది గురువునకు ఆ భాషయందు వాక్పటుత్వము హెచ్చుగ కావలెను. లోకములోని ఏర్పాటు దీనికి సరిగ విరుద్ధముగ నున్నది. ఆ భాషయందు గట్టి పాండిత్యము కలవారు విశ్వవిద్యాలయములలోను, తరువాతివారు ఉన్నత పాఠశాలలలోను, మిక్కిలి కొరతగ శిక్షణ పొందినవారు చిన్న పిల్లల యెదుటను నిలువవలసివచ్చుచున్నది.

పిల్లలకు భాష రానిచో నిందపడునది ముందుగ ఉపాధ్యాయునిపైననే. అతనికి చేయవలసిన సాయము చేయబడినదా అను ప్రశ్న తరువాత వచ్చును; పెక్కు సందర్భములలో అసలే రాదు. ఈ ప్రశ్నకు సమాధానమును ఊహలతో గాక, జరిగిన ప్రయత్నముల చరిత్రలో వెదకుట మేలు. అట్టివానిలో రెండు మిక్కిలి బోధప్రదములు. ఒకటి మద్రాసు రాష్ట్రమున 1959లో ఆరంభమైన ఆంగ్లబోధనోద్యమము. రెండవది ఇంగ్లండు, వేల్సు దేశములలో 1964 నుండి 1974 వరకు నడచిన ఫ్రెంచిభాషా ప్రయోగము.

2. మద్రాసు అనుభవము

స్వాతంత్ర్యానంతరము భారతదేశమున ఆంగ్లబోధనా పద్ధతియందు పెద్ద మార్పు వచ్చినది. అంతకుముందు వ్యాకరణ సూత్రములు, అనువాదము, వాచకపఠనము ప్రధానముగ నుండెడివి. 1950 తరువాతి దశకమున నిర్మాణ పద్ధతి అను పేర క్రొత్త విధానము ప్రవేశించెను. భాషలోని వాక్య నిర్మాణములను సులభమైనవాని నుండి క్లిష్టమైనవాని వరకు ఒక వరుసలో పేర్చి, ఒక్కొక్కదానిని మౌఖికముగ, ఒక దృశ్యసందర్భముతో జతపరచి నేర్పుట దీని సారము. ఉపాధ్యాయుడు తలుపు వైపునకు నడచుచు ‘నేను తలుపు వైపునకు నడచుచున్నాను’ అని ఆంగ్లమున పలుకును; పిల్లలు ముక్తకంఠముతో దానిని అనుసరింతురు. పుస్తకము తరువాత, పలుకు ముందు. సిద్ధాంతరీత్యా ఇది బాలురకు అనువైనదే.

చిక్కు ఉపాధ్యాయుల విషయమున వచ్చినది. రాష్ట్రమున ఆంగ్లమును ఆరంభదశలో నేర్పువారు వేలకొలది కలరు. వారికందరికి క్రొత్త పద్ధతిని తెలుపుట ఎట్లు? అందులకై బ్రిటిష్ కౌన్సిల్ సహాయముతో మద్రాసులో ఒక ఉద్యమము రూపొందెను. సుమారు 27,000 మంది ఉపాధ్యాయులకు పునఃశిక్షణ నిచ్చుట దాని లక్ష్యము. ముందుగ కొద్దిమందికి నిపుణులు శిక్షణ నిత్తురు. వారు మరికొందరికి, ఆ మరికొందరు తమ తమ ప్రాంతముల యందలి ఉపాధ్యాయులకు నేర్పుదురు. కొండవాలున దొర్లు మంచుముద్ద క్రిందికి వచ్చినకొలది పెరుగునను ఉపమానమునుబట్టి దీనికి ‘మద్రాసు మంచుముద్ద’ అను పేరు వచ్చి, భాషాబోధన చరిత్రలో స్థిరపడినది.

తక్కువ కాలమున, తక్కువ ధనముతో ఎక్కువమందిని చేరుకొనుటకు ఇంతకంటె మార్గము లేదనిపించును. నేటికిని అనేక దేశములలో ఉపాధ్యాయ శిక్షణ ఈ సోపానక్రమమునే అనుసరించుచున్నది. కాని దాని అంతర్గత దౌర్బల్యము మద్రాసులోనే తేటపడినది. పై మెట్టున నిపుణుడు చెప్పినది పద్ధతి, దాని వెనుకనున్న కారణము రెండును. నడిమి మెట్టునకు వచ్చుసరికి కారణము మరుగున పడి పద్ధతి మాత్రము మిగులును. చివరి మెట్టునకు పద్ధతియు పలుచబడి దాని బాహ్యచేష్టలు మాత్రము చేరును. తలుపు వైపునకు నడచుట ఏల అనునది తెలియకయే ఉపాధ్యాయుడు తలుపు వైపునకు నడచును. మంచుముద్ద దొర్లి పెరుగుట చల్లని దేశములలో సంగతి. వేడి దేశమున అది దొర్లినకొలది కరగును అని చమత్కరించుటకు ఇది తావిచ్చినది.

ఇంతకంటె ముఖ్యమైన మరియొక లోపము కలదు. ఉద్యమము ఉపాధ్యాయునకు పద్ధతిని ఇచ్చినది, భాషను ఇయ్యలేదు. కొద్దివారముల శిక్షణలో అది సాధ్యమును కాదు. నిర్మాణ పద్ధతి ఉపాధ్యాయుని నోటి ఆంగ్లముపై ఆధారపడినది. ఆ ఆంగ్లము అతనికి నిశ్చితమైన కొన్ని వాక్యములకు మించి లేనపుడు, ఆ వాక్యములే తరగతియందు వల్లెవేయబడెను. పిల్లవాడు వరుసలో లేని ప్రశ్న అడిగినచో ఉపాధ్యాయుడు మాతృభాషకు మరలవలసినదే, లేదా ప్రశ్నను అణచవలసినదే.

ఈ కాలముననే హైదరాబాదులో 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడినది. అది 1972లో విదేశ భాషలను కూడ చేర్చుకొని కేంద్రీయ ఆంగ్ల విదేశీభాషల సంస్థ అయి, 2007లో విశ్వవిద్యాలయ స్థాయిని పొందినది. బెంగుళూరున 1963లో దక్షిణ భారత ప్రాంతీయ ఆంగ్ల సంస్థ వెలసినది. మంచుముద్ద వంటి క్షణిక యత్నములకు భిన్నముగ స్థిరమైన సంస్థలు ఉండవలెనను గ్రహింపు వీని స్థాపనయందు కనిపించును.

నిర్మాణ పద్ధతిపై అసంతృప్తి నుండియే 1979–84 నడుమ ఎన్. ఎస్. ప్రభు నాయకత్వమున బెంగుళూరు ప్రయోగము జరిగినది. వాక్యములను వరుసగ నేర్పుటకు బదులు, పటములు, కాలపట్టికలు మొదలగువానిపై పిల్లలకు ఆలోచింపదగిన చిన్న చిన్న పనులనిచ్చి, ఆ పని చేయుటలోనే భాష అలవడునట్లు చేయుట దాని ఉద్దేశము. దక్షిణ భారతమున కొన్ని మామూలు పాఠశాలలలో దీనిని పరీక్షించిరి. తరువాతి పరిశీలనలో ఒక విషయము బయటపడినది. ప్రయోగమునకై ప్రత్యేకముగ వచ్చిన బోధకులు ఈ విధానమును బాగుగ అమలుపరచగా, ఆ పాఠశాలల సొంత ఉపాధ్యాయులకు అది అంతగ పట్టువడలేదు. ముందుగ వ్రాసియుంచిన వాక్యముల ఊతము తొలగిన పిమ్మట తన నోటినుండి అప్పటికప్పుడు వెలువడు భాషపై ఆధారపడుట వారికి కష్టమైనది. పద్ధతి మారినను మూలసమస్య మారలేదు.

ప్రభు 1990లో ప్రకటించిన ఒక వ్యాసమున సర్వోత్తమ పద్ధతి అనునదొకటి లేదని వాదించెను. తాను చేయుచున్న పని వలన పిల్లలు ఎట్లు నేర్చుకొనుచున్నారను విషయమున ఉపాధ్యాయునకు గల సొంత అవగాహనయే, సొంత నమ్మికయే, బోధనకు ప్రాణమని అతని అభిప్రాయము. అది సజీవముగ నున్నచో సామాన్య పద్ధతియు ఫలించును. అది లేనిచో ఉత్తమ పద్ధతియు యాంత్రికమగును. మద్రాసు అనుభవమును దగ్గరగ చూచిన పండితుడు ఈ నిర్ణయమునకు వచ్చుట గమనింపదగినది.

3. ఇంగ్లండు, వేల్సు ప్రయోగము

ధనము, సామగ్రి కొరతపడని దేశమున ఈ ప్రశ్న ఏ రూపమును ధరించునో రెండవ ఉదాహరణము చూపును. 1963లో విద్యామంత్రి సర్ ఎడ్వర్డు బోయిల్ ఇంగ్లండు, వేల్సులలో ప్రాథమిక పాఠశాలలయందు ఫ్రెంచిభాషను ప్రయోగాత్మకముగ బోధింపనున్నట్లు ప్రకటించెను. 1964 సెప్టెంబరున బోధన ఆరంభమైనది. పదమూడు ప్రాంతములను ఎన్నుకొని ఎనిమిదేండ్ల పిల్లలకు ఫ్రెంచిని మొదలిడిరి. పదేండ్ల కాలమున సుమారు 18,000 మంది పిల్లలు ఈ పరిశీలన పరిధిలోనికి వచ్చిరి. ఇంత దీర్ఘముగ, ఇంత విపులముగ జరిగిన పరిశీలన ఈ రంగమున అరుదు.

నిర్వాహకులు ఉపాధ్యాయులను మరువలేదు. పాల్గొను ఉపాధ్యాయులకు బోధనకు ముందే ఫ్రెంచిభాషలో శిక్షణ తరగతులు నడపిరి. కొందరిని ఫ్రాన్సు దేశమునకు పంపిరి. నఫీల్డు ధర్మసంస్థ ధనసాయముతో లీడ్సు నగరమున ప్రత్యేక పాఠ్యసామగ్రి సిద్ధమైనది. టేపురికార్డరుపై ఫ్రెంచివారి కంఠములు, గోడకు వ్రేలాడదీయు చిత్రములు, ఉన్నిగుడ్డ పలకపై అతికించు బొమ్మలు అందు ముఖ్యములు. ఉపాధ్యాయుని ఉచ్చారణయందలి లోపమును యంత్రము పూరించునని ఆశ. చదువుట, వ్రాయుట కొంతకాలము వాయిదా వేసి, వినుట, పలుకుటలకు ప్రాధాన్యమిచ్చిరి.

జాతీయ విద్యాపరిశోధన సంస్థ పక్షమున క్లేర్ బర్‌స్టల్ ఈ ప్రయోగమును ఆద్యంతము పరిశీలించి 1968, 1970, 1974 సంవత్సరములలో మూడు నివేదికలను ప్రకటించెను. తుది నివేదిక తీర్పు కఠినముగ నుండెను. ఎనిమిదవ ఏట ఆరంభించిన పిల్లలు, పదునొకండవ ఏట ఆరంభించినవారి కంటె పదుమూడవ ఏట వినుటలోను, పలుకుటలోను మిన్నగ నుండిరి. పదునారవ ఏడు వచ్చుసరికి వినుటయందు తప్ప ఆ ఆధిక్యము మిగులలేదు. ఈ ఫలితములనుబట్టి ప్రాథమిక పాఠశాలలకు ఫ్రెంచిని విస్తరింపజేయు ఉత్సాహము చల్లారినది. చాల ప్రాంతములలో ఆ బోధన క్రమముగ సన్నగిల్లినది.

ఈ తీర్పుపై విమర్శలు అప్పుడే వచ్చినవి. పోల్చబడిన వర్గములు సరిసమానములా అను సంశయమును కొందరు వెలిబుచ్చిరి. కాని ఈ వ్యాసమునకు ప్రసక్తమైన విషయము వేరు. నివేదికలను సావధానముగ చదివినవారికి వానియందు పిల్లల వయస్సును గూర్చిన తీర్పుకంటె ఉపాధ్యాయుల స్థితిని గూర్చిన సాక్ష్యము విలువైనదిగ తోచును.

మొదటిది: ప్రధానోపాధ్యాయుని దృష్టి, తరగతి ఉపాధ్యాయుని ఆశాభావము పిల్లల ఫలితములతో గాఢముగ ముడిపడియుండెను. ఫ్రెంచి ఈ పిల్లలకు తగినదే అని నమ్మిన పాఠశాలలలో పిల్లలు ముందంజ వేసిరి. ఇది కొందరికే గాని అందరికి కాదని తలచినచోట వెనుకబడిరి. రెండవది: చిన్న పాఠశాలల పిల్లలు పెద్ద పాఠశాలలవారి కంటె మెరుగుగ నుండిరి. తరతమ వర్గములు చేసి పిల్లలను విడదీయుటకు చిన్న బడిలో తావు లేదు. ఉపాధ్యాయునకు ప్రతి బిడ్డయు తెలిసియుండును. మూడవది: తొలినాళ్లలో విజయమును చవిచూచిన పిల్లలు తరువాత ఆ భాషయందు ఇష్టమును నిలుపుకొనిరి, తొలుతనే భంగపడినవారు దూరమైరి. ఇష్టము విజయమునకు కారణమగుటకంటె విజయము ఇష్టమునకు కారణమగుట హెచ్చని దీనివలన తెలిసినది.

నాలుగవది, మిక్కిలి విచారకరమైనది: ప్రాథమిక పాఠశాలను విడిచి మాధ్యమిక పాఠశాలలో చేరిన పిల్లలలో చాలమంది, ఫ్రెంచి నేర్వని తోటివారితో కలిసి, మరల అకారాదిగ ఆరంభింపవలసివచ్చెను. మూడేండ్లు శ్రమించిన ప్రాథమికోపాధ్యాయుని కృషి పైతరగతి ఉపాధ్యాయునకు తెలియదు. తెలిసినను దానిపై కట్టుటకు అతనికి ఏర్పాటు లేదు. వేసిన పునాదిని పూడ్చి మరల త్రవ్విన యింటి గోడ ఎత్తు తక్కువగ నున్నదని ఆశ్చర్యపడుట తగదు.

ఆ తరువాతి చరిత్ర కూడ తెలియదగినది. 2002లో ఇంగ్లండున జాతీయ భాషావ్యూహము ప్రకటింపబడినది. అంతకు ముందే 2001లో ఫ్రాన్సుతో కలిసి ఆరంభమైన ఒక ఏర్పాటుననుసరించి, భాషను ప్రత్యేకాంశముగ ఎన్నుకొనిన ప్రాథమికోపాధ్యాయ శిక్షణార్థులు నాలుగు వారములు ఆ దేశపు పాఠశాలలలో పనిచేయసాగిరి. తరువాత ఇతర దేశములును ఇందు చేరినవి. స్థానిక విద్యాధికారులకు ఈ పనికై ప్రత్యేక నిధులును అందినవి. కాని 2011లో ఆ ప్రత్యేక నిధులు నిలిచిపోయినవి. 2014 సెప్టెంబరు నుండి ఏడు మొదలు పదునొకండేండ్ల పిల్లలకు అన్యభాష నిర్బంధ విషయమైనది. అండ ఉన్ననాడు నిర్బంధము లేదు. నిర్బంధము వచ్చుసరికి అండ తగ్గినది. భాషావిధానము, ఉపాధ్యాయ పోషణము ఒకే బండికి రెండు చక్రములు. అవి వేరు వేరు కాలములలో తిరిగినచో బండి కదలదు.

4. అండ యొక్క అంగములు

పై రెండు అనుభవములను కలిపి చూచినచో ఉపాధ్యాయునకు వలసిన సాయము ఐదు విధములుగ విభజింపదగి కనిపించును.

అందు మొదటిది భాషాశక్తి. ఇది సాహిత్య పాండిత్యము కాదని గుర్తింపవలెను. ప్రాథమిక తరగతిలో భాష బోధింపబడు విషయము మాత్రమే గాక తరగతిని నడపు సాధనము కూడ. ‘వరుసగా నిలబడండి’, ‘పెన్సిలు చెక్కుకో’, ‘నీ వంతు వచ్చేదాకా ఆగు’, ‘వాణ్ణి తోయకు’, ‘ముక్కు తుడుచుకో’ — ఇట్టి మాటలు గంటకు పదిసార్లు కావలసివచ్చును. ఇవి ఏ వాచకమునందును ఉండవు. ఏ పరీక్షయందును అడుగబడవు. పరభాషలో కావ్యమునకు వ్యాఖ్య చెప్పగలిగినవాడును ఈ మాటలకు తడుముకొనవచ్చును. తడుముకొనిన క్షణమున అతడు మాతృభాషకు మరలును. అంతటితో పిల్లలకు పరభాష పాఠములోని వస్తువుగ మిగులును గాని, పని జరుపు మాటగ తోచదు. కావున శిక్షణలో ప్రథమస్థానము ఈ తరగతి వ్యవహారభాషకు దక్కవలెను. దాని పరిమాణము చాల కొద్ది. దానిని నిర్దుష్టముగ, తడబాటు లేక పలుకగలుగుట పరిమిత కాలమున సాధ్యము.

రెండవది సామగ్రి. యంత్రము ఉపాధ్యాయునకు బదులు కాజాలదని 1964 నాటి టేపురికార్డరు తెలిపినది. నేటి యంత్రములకును ఈ మాట వర్తించును. కాని అతనికి ఆదర్శోచ్చారణను వినిపించు ప్రయోజనము వానికి కలదు. ముఖ్యముగ అతడు ఒంటరిగ నున్నపుడు, పాఠమునకు ముందురాత్రి, తనకై తాను వినుటకు అవి ఉపకరించును. పిల్లలకు వినిపించుటకంటె ఉపాధ్యాయుడు వినుట హెచ్చు ఫలదాయకము.

మూడవది తోడు. ఉపాధ్యాయుడు ఒక పల్లెబడిలో ఏకాకిగ పరభాషను బోధించునపుడు అతనితో ఆ భాషలో మాటలాడువారుండరు. వాడనిదే భాష తుప్పుపట్టును. సంవత్సరమునకొకమారు జరుగు పునశ్చరణ తరగతికంటె, చుట్టుపట్ల నాలుగైదు బడుల ఉపాధ్యాయులు నెలకొకమారు కూడి ఒకరి పాఠమునొకరు చూచుట మేలు. మంచుముద్ద పైనుండి క్రిందికి దొర్లును. ఈ కూటమి ఒకే మట్టమున నిలిచి తన అనుభవమును తానే పోగుచేసికొనును. తనిఖీకి వచ్చు అధికారి తప్పులెన్నువాడుగ గాక భాషయందు తోడ్పడువాడుగ నుండుటయు ఈ అంగములోనిదే.

నాలుగవది కాలము. పరభాషను వారమునకొక గంట బోధించిన పిల్లవాడు వారమంతయు దానిని మరచును. దినమునకు పదునైదు నిమిషములైనను నిత్యము చెవిన పడవలెను. ఉపాధ్యాయునకు సిద్ధపడుటకు కాలము ఉండవలెను. ఇతర భారములు కొన్నియైనను తగ్గవలెను. ఖర్చుతో కూడినదగుటచేత ఈ సాయమును పాలకులు తరచు దాటవేయుదురు.

ఐదవది పరంపర. క్రింది తరగతిలో ఏమి జరిగినదో పైతరగతికి తెలియవలెను. మాధ్యమికోపాధ్యాయుడు ఏడాదికొకసారియైన ప్రాథమిక తరగతిని కన్నులార చూచినచో, అచటి పిల్లలు ఏమి వినగలరో, ఏమి పలుకగలరో అతనికి అవగతమగును. ఈ ఒక్క ఏర్పాటు లేకపోవుట వలననే ఇంగ్లండు ప్రయోగమున మూడేండ్ల ఫలము చాలవరకు కొట్టుకొనిపోయినది.

5. తెలుగు అన్యభాష అయినచోట

ఈ ప్రశ్న ఆంగ్ల, ఫ్రెంచి భాషలకు పరిమితమైనది కాదు. తెలుగు కూడ కొన్ని తావులలో పిల్లలకు అన్యభాషగనే ఉన్నది. మారిషసు ద్వీపమున 19వ శతాబ్దమున కూలీలుగ వెళ్లిన తెలుగువారి సంతతి నేటికిని ప్రాథమిక పాఠశాలలలో తెలుగును ఐచ్ఛిక విషయముగ చదువుచున్నది. ఇంట వారి నోట వినవచ్చునది అధికముగ క్రియోలు. బడిలో ఆంగ్లము, ఫ్రెంచి ప్రధానములు. పూర్వుల భాష యగుటచేత తెలుగుపై మమకారము కలదు గాని, చెవికి అది క్రొత్తభాషయే. 1970లో నెలకొనిన మహాత్మాగాంధీ సంస్థ అచట భారతీయ భాషోపాధ్యాయుల శిక్షణకు ఆధారముగ నిలిచినది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దేశమున జరిగినవి. సభల సంబరము కొద్దిదినములది. తరగతిలో ఉపాధ్యాయుని శ్రమ ఏటేట కొనసాగునది.

భారతదేశమున 1969లో మైసూరున కేంద్రీయ భారతీయ భాషాసంస్థ స్థాపితమైనది. దాని ప్రాంతీయ భాషాకేంద్రములు 1970 నుండి ఇతర భాషా ప్రాంతముల పాఠశాలోపాధ్యాయులకు పదినెలల కాలము మరియొక భారతీయ భాషను నేర్పు పనిని చేపట్టినవి. మైసూరునందలి దక్షిణ కేంద్రమున నేర్పు భాషలలో తెలుగు ఒకటి. మంచుముద్ద పద్ధతికి ఇది సరిగ ఎదురైన మార్గము. కొద్దిమందినే చేరుకొనును, కాని వారికి పద్ధతికి ముందు భాషను ఇచ్చును. వయస్కుడైన ఉపాధ్యాయుని విద్యార్థిగ కూర్చుండబెట్టి, పరభాష నేర్చుకొనువాని కష్టమును అతనికి స్వానుభవమునకు తెచ్చుట దీని ప్రత్యేక గుణము. ఆ కష్టమును ఎరిగినవాడు పిల్లవాని తడబాటును సులభముగ క్షమించును.

ఇచట భాషాశాస్త్రజ్ఞులు చేయదగిన పని స్పష్టమగుచున్నది. తెలుగు నేర్చు ఉపాధ్యాయుడు ఏ మాతృభాష నుండి వచ్చుచున్నాడో దానినిబట్టి అతని కష్టములు మారును. హిందీ మాటలాడువానికి ఎ–ఏ, ఒ–ఓ భేదము పట్టువడదు; ‘తెగ–తేగ’, ‘కొన–కోన’, ‘ఒడి–ఓడి’ అతని చెవికి ఒకటిగనే తోచును. ద్విత్వాక్షరములు, మూర్ధన్యములు మాత్రము అతనికి పరిచితములే. క్రియోలు, ఆంగ్లము మాటలాడు పిల్లవానికి కష్టము మరియొకచోట నుండును. ‘గుడి–గుడ్డి’ వంటి జంటలలో ద్విత్వమును, డకారమునందలి మూర్ధన్యతను విడిగ సాధన చేయింపవలెను.

వాక్యమునందును ఇట్లే. హిందీయందు జడవస్తువులకును స్త్రీపుంలింగ భేదము కలదు. తెలుగున ఏకవచనమున స్త్రీకిని, చెట్టుకును ‘వచ్చింది’, ‘పడింది’ అను ఒకే క్రియారూపము చాలును. బహువచనమున మాత్రము స్త్రీలు పురుషులతో చేరి ‘వచ్చారు’ అగుదురు. ఈ మార్పు హిందీభాషికి వింతగ నుండును. ‘మేము’, ‘మనము’ అను భేదము హిందీయందును, ఆంగ్లమునందును లేదు. ‘మనం వెళ్దాం’ అనవలసినచోట ‘మేము వెళ్తాం’ అని ఉపాధ్యాయుడు పలికినచో, తాము వెలివేయబడితిమని తెలుగు ఎరిగిన పిల్లవాడు తలచును. ఎరుగనివాడు ఆ తప్పునే నేర్చును. ‘నాకు ఆకలి వేస్తోంది’ వంటి చతుర్థీప్రయోగములు మాత్రము హిందీభాషికి సులభములు; అతని మాతృభాషయే అచట దారి చూపును. ఆంగ్లమున ఆలోచించువానికి అదియే పెద్ద అడ్డంకి.

ఇట్టి తారతమ్య వివరణములు విశ్వవిద్యాలయ తెలుగు శాఖలలో కొంతవరకు జరిగినవి. కాని అవి వర్ణమాలలు, ధాతురూపములు, సంధులు అను శీర్షికల క్రింద పరిశోధకులకై వ్రాయబడినవి. మూడవ తరగతి యెదుట నిలిచిన ఉపాధ్యాయుని చేతికి అవి అందలేదు. అందినను అతని అవసరమునకు తగిన రూపమున లేవు. గ్రాంథిక, వ్యావహారిక వివాదమున ఒక శతాబ్ది గడచినను, అన్యభాషాబాలునకు ముందుగ వినిపింపవలసిన తెలుగు ఏదియను ప్రశ్నకు పలు పాఠ్యపుస్తకములలో నిలకడ లేదు. ఒక పాఠమున ‘వచ్చుచున్నాడు’, మరియొకదానియందు ‘వస్తున్నాడు’, ఉపాధ్యాయుని నోట ‘వస్తుండు’ లేక ‘వస్తన్నాడు’ — ఈ నాలుగును పిల్లవానికి నాలుగు భాషలు. ఏదియో ఒకదానిని తొలిమెట్టునకు స్థిరపరచి, తక్కినవానిని వినుటకు విడిచిపెట్టుట అవశ్యకము. ఆ నిర్ణయభారమును ఒంటరి ఉపాధ్యాయునిపై మోపుట న్యాయము కాదు.

6. ముగింపు

అన్యభాషను ఏ వయస్సున ఆరంభింపవలెనను చర్చ సుదీర్ఘమైనది. 1964–66 నాటి కొఠారీ విద్యాసంఘము ఆంగ్లమును సాధారణముగ అయిదవ తరగతికి ముందు ఆరంభింపరాదని సూచించినది. 2020 జాతీయ విద్యావిధానము సాధ్యమైనచోట కనీసము అయిదవ తరగతి వరకు బోధన ఇంటిభాషలో జరుగవలెననుచు, బహుభాషా పరిచయమును బాల్యదశ నుండియే ప్రోత్సహించినది. విదేశ భాషలను మాధ్యమిక దశకు కేటాయించినది. తల్లిదండ్రుల కోరిక మాత్రము ఆంగ్లమును వీలైనంత ముందునకు లాగుచున్నది. ఈ వాదములన్నియు తరగతుల సంఖ్యను గూర్చినవి. అయిదవ తరగతియా, ఒకటవ తరగతియా అను దానికంటె, ఆ తరగతిలో నిలుచువాడు ఎవడు, అతనికి ఏమి ఇచ్చితిమి అనునది ముందు తేల్చవలసిన ప్రశ్న.

మద్రాసు ఉద్యమము ఉపాధ్యాయునకు పద్ధతినిచ్చి భాషను ఇయ్యలేదు. ఇంగ్లండు ప్రయోగము భాషను, సామగ్రిని ఇచ్చి పరంపరను కల్పింపలేదు. రెండుచోట్లను ఫలము తక్కువయైనపుడు, పిల్లల వయస్సుదనియో, పద్ధతిదనియో తీర్పు చెప్పబడినది. ఉపాధ్యాయులు మాత్రము తమకిచ్చినదానితో తాము చేయగలిగినది చేసిరి. తెలుగును అన్యభాషగ నేర్పుచున్న మారిషసు బడులలోను, మైసూరున తెలుగు నేర్చి తమ రాష్ట్రమునకు మరలిన ఉపాధ్యాయుల తరగతులలోను నేడు జరుగుచున్నదేమో అడిగి తెలిసికొనుట తెలుగు శాఖల ధర్మము. వారికి పంపవలసినది ప్రశంసాపత్రము కాదు. తరగతిలో పలుకవలసిన రెండు మూడు వందల వాక్యములు స్పష్టమైన కంఠముతో వినిపించు ధ్వనిముద్రిక, వారి మాతృభాషనుబట్టి వ్రాసిన ఒక చిన్న కైపుస్తకము, సందేహము కలిగినపుడు ఉత్తరమునకు జవాబిచ్చు ఒక మనిషి — ఈ మూడును ఏ శాఖకైనను అందుబాటులోనివే.